మునస్వామి మేస్త్రీ నోరిప్పిన శనివారం

నేరేడుమిట్ట బడి సంగతి శనివారం తేలిపోవాలి. పోయిన వారం భాగంలో మనం ఆ ఊరిని వదిలి వచ్చింది సరిగ్గా దానికి ముందు రోజు సాయంత్రం.

పాకాలకు ఆరు కిలోమీటర్ల దూరంలో రైలుకట్ట పక్కన ఉండే ఆ హైస్కూల్లో కట్టడాలు రెండు. ఒకటి యాభై ఏళ్లు దాటిన రాతిహాలు. మందపాటి గోడలు, పైన మంగళూరు పెంకులు, వాన పడితే పది చోట్ల కారుతుంది. రెండోది ఇరవై నాలుగేళ్ల కిందట కట్టిన నాలుగు గదుల స్లాబు బిల్డింగు. కొత్తగా సున్నం రంగు కొట్టుకుని చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఖర్చులో సగం గవర్నమెంటు, సగం ఊరు పెట్టుకుని బడిని బాగుచేసుకోవచ్చునని ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ఊరంతా ఒకటే మాట మీద ఉంది. రాతిహాలు పడగొట్టాలి, స్లాబు బిల్డింగు మీద ఇంకో అంతస్తు వెయ్యాలి.

ఆ మాట మీదికి ఊరిని తెచ్చింది పేరెంట్స్ కమిటీ చైర్మన్ చౌడమ్మ. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, రెండు ఆవులు మేపుకుంటుంది, కూతురు మునిలత అదే బళ్లో ఎనిమిదో తరగతి. రెండు నెలలు గడప గడపా తిరిగి అందరి చేతా సరే అనిపించింది, ఒక్కరి చేత తప్ప. ఆ ఒక్కరు ఆమె కన్నతండ్రి మునస్వామి మేస్త్రీ. బడి మాట ఎత్తితే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని చేనికి వెళ్లిపోయేవాడు. అవునని అనడు, కాదని అనడు. చౌడమ్మ మనసులో అదొక ముల్లుగా ఉండిపోయింది.

శనివారం పొద్దున పది గంటలకు రాతిహాల్లో కాలు పెట్టే సందు లేదు. బెంచీలు చాలక కిటికీ గూళ్లలో కూర్చున్నారు. ఇంజనీరమ్మ ఉదయలక్ష్మి ముందు వరసలో మడతపెట్టిన ప్లాను చేతిలో పట్టుకుని కూర్చుంది. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల, ముప్పై దాటలేదు, ఈ మండలానికి వచ్చి ఆరు నెలలే అయింది. బడి కట్టేముందు పిలకాయల్ని అడగాలని పట్టుబట్టింది ఆమే. వారం కిందట ఒక్కొక్కరికి ఒక్కో తెల్లకాగితం ఇచ్చి, మీ బడి ఎట్లుండాలో రాయండని చెప్పింది. ఆ కాగితాలను హెడ్మిస్ట్రెస్ కృపారాణి ఒక్కొక్కటే తీసి చదవడంతో మీటింగు మొదలైంది.

ఆరో తరగతి పిల్లవాడు ఒకడు కొళాయిని కిందికి దించమని రాశాడు, ఇప్పుడు ఎగిరి తాగాల్సి వస్తోందట. ఇంకొకడు రైలుకట్ట వైపు కిటికీ పెట్టొద్దని రాశాడు, లెక్కలు చేసేటప్పుడు రైలే చూడబుద్ధవుతుందట. వాడి కిందనే వేరే చేతిరాతలో, తప్పకుండా పెట్టాలి అని ఉంది. హాలంతా నవ్వింది. బళ్లో అన్నం వండే తాయమ్మకు రాయడం రాదు, ఒక పిల్లచేత రాయించింది. వంటింటికి పొగ పోయే దారి పెట్టండి, నా కండ్లు చూసి పిలకాయలు రోజూ ఎందుకేడ్చినావవ్వా అని అడుగుతాండారు, అని. దానికి ఇంకా పెద్దగా నవ్వారు. తాయమ్మే అందరికంటే ఎక్కువ నవ్వింది.

తొమ్మిదో తరగతి ఆడపిల్ల రాసిన కాగితం దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. బాత్రూము తలుపుకు లోపల గొళ్లెం కావాలి, ఇప్పుడు ఒకరు పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాల్సి వస్తోంది, అంతే రాసింది. పేరు రాయలేదు. చౌడమ్మ ఎవరినీ అడక్కుండా ఆ కాగితాన్ని తీసి అన్నిటికంటే పైన పెట్టింది. గొళ్లేలు సోమవారమే వేయిద్దామని ఆమె అంటే, ఇప్పుడే పోయి తెస్తానని వెనక వరస నుంచి ఎవరో లేచి బండి తీశారు కూడా.

అంత సంబరంగా ఉంది హాలు. చౌడమ్మ చదువు ఈ బళ్లోనే పదో తరగతితో ఆగింది. ఇదే హాల్లో ఒకప్పుడు వెనక బెంచీలో భయపడుతూ కూర్చున్న మనిషి, ఈరోజు ఇంతమంది ముందు నిలబడి తీర్మానం చదవబోతోంది.

సురేంద్ర లేచి తన జేసీబీ సోమవారం పొద్దున్నే హాలు ముందు ఉంటుందని, డీజిలుతో సహా తనదేనని చెప్పాడు. పాకాలలో జేసీబీలు, ట్రాక్టర్లు బాడుగకు తిప్పే మనిషి, ఇదే బడి పాత విద్యార్థి. స్లాబు బిల్డింగు కట్టిన కాంట్రాక్టరు వాళ్ల నాయనే. ఆయన పోయి ఆరేళ్లయింది. వరండాలో చెక్కిన రాతిపలక మీద ఆయన పేరు ఇంకా ఉంది. బడికి వచ్చినప్పుడల్లా సురేంద్ర ఆ పలకను ఒకసారి చేత్తో తడిమి వెళ్తాడు.

ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండని చౌడమ్మ చెప్పింది. చేతులు లేస్తున్నాయి. అప్పుడే వాకిలి దగ్గర కదలిక కనిపించింది. జనం పక్కకు జరిగారు. మునస్వామి లోపలికి వచ్చాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి, పని మానేసి నాలుగేళ్లయినా మేస్త్రీ నడక పోలేదు. చేతిలో సమ్మెట, ఉలి ఉన్నాయి. మీటింగుకు అవెందుకు తెచ్చాడో ఎవరికీ అర్థం కాలేదు.

"చేతులు దించండప్పా," అన్నాడు. "ఆ పిల్లర్లు ఇంకో అంతస్తు మోయవు. ఉండే స్లాబునే ఇంకెన్నాళ్లు మోస్తాయో నాకు తెలీదు. అవి కట్టినోణ్ని నేనే."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. చౌడమ్మ చేతిలో తీర్మానం కాగితం అట్లాగే ఉండిపోయింది.

మునస్వామి కూర్చోలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. నేలను చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. ప్లానులో ఒక్కో పిల్లరుకు ఆరు ఇనుప కమ్మీలుంటే నాలుగే పెట్టామన్నాడు, అవి కూడా సన్నవి. కమ్మీల చుట్టూ జానెడు దూరంలో ఒకటి ఉండాల్సిన రింగు మూరెడు దూరంలో పడింది. ఏటి ఇసుకను కడగకుండానే కలిపారు. సిమెంటు ఎక్కడ తగ్గిందో కూడా చెప్పాడు. ఆ ఏడు ఊళ్లో పనులు లేవు, భార్యకు ఆపరేషను కావాలి, ఈ పని పోతే ఇంకో పని దొరకదు. మొదటి పిల్లరు లేచినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. రెండోది లేచినప్పుడూ చెప్పలేదు. తర్వాత స్లాబు పడింది, పైన సిమెంటు గిలాబా పూసేశారు, లోపలిది లోపలే ఉండిపోయింది.

"ఈ రాతిహాలు కట్టేటప్పుడు నాకు పదహైదేండ్లు," అన్నాడు. "శాంతయ్య మేస్త్రీ దగ్గర సున్నం మోసినాను. గోడ రెండు మూరల మందం. ఇది నూరేండ్లు నిలబడతాది. కారేది పెంకులు, చెదలు పట్టింది వాసాలకు. గోడకేమీ కాలేదు. మీరు గట్టిదాన్ని పడగొట్టి మెత్తదాని మీద బరువు పెడతాండారు. అది చెప్పకుండా నేను చచ్చిపోకూడదు."

కాంట్రాక్టరు పేరు ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. అందరి చూపూ సురేంద్ర మీదికి పోయింది.

సురేంద్ర ముఖం ఎర్రబడింది. పేరు చెప్పకపోతే మాత్రం ఊరికి తెలియదా అన్నాడు. ఇన్నేళ్లు ఊరుకుని, జవాబు చెప్పేదానికి మా నాయన లేని రోజు చూసి ఇప్పుడు మాట్లాడటం న్యాయమేనా అని అడిగాడు.

"అందుకే నా తప్పు మటుకే చెప్తాండానబ్బా," అన్నాడు మునస్వామి. "నమ్మొద్దు. వచ్చి సూడు."

ఆయన బయటికి నడిచాడు. ఊరంతా వెంట నడిచింది. స్లాబు బిల్డింగు వరండాలో ఎడమ వైపు రెండో పిల్లరు ముందు నిలబడి, ఇంజనీరమ్మను చూసి అనుమతి అడిగినట్టు తలాడించాడు. ఉదయలక్ష్మి ముందు జనాన్నంతా వరండా దింపి దూరంగా నిలబెట్టింది. తర్వాత మోకాలి ఎత్తులో సుద్దతో చిన్న చదరం గీసి, ఇంతకంటే లోపలికి పోవద్దని చెప్పింది. ఆమెకు ఈ బిల్డింగు మీద మొదటి నుంచి అనుమానం ఉందట. పిల్లర్లను పరీక్ష చేయించమని పైకి రాసి పంపితే, ఫైల్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి గదా, పరీక్షలెందుకని జవాబొచ్చిందట. ఆ సంగతి ఆమె అప్పుడే బయటపెట్టింది.

పదిహేను దెబ్బలకు గిలాబా ఊడింది. ఇంకో ఇరవైకి కాంక్రీటు పెచ్చులుగా రాలింది. అంత తేలిగ్గా రాలకూడదని అక్కడున్న పిలకాయలకు కూడా అర్థమైంది. లోపల కమ్మీలు కనిపించాయి. ఉదయలక్ష్మి వంగి టేపుతో కొలిచింది. పక్కకు జరిగి సురేంద్రకు దారిచ్చింది.

సురేంద్ర మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలితో కమ్మీని తడిమాడు. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా లేచి వేలికి అంటుకుంది.

"మా నాయనకు తెలుసునా మామా?" అని అడిగాడు.

మునస్వామి అబద్ధం చెప్పగలిగేవాడే. ఆ మాట అడిగినప్పుడు ఆయన ముఖంలో అది చౌడమ్మకు కనిపించింది, తెలీదని చెప్పేస్తే పోతుందేమోనన్న తడబాటు. కానీ చెప్పలేదు.

"తెలుసు. కట్టినాక రెండేండ్లకు ఒకదినం నన్ను పిలిచి, మునస్వామీ, ఎప్పుడన్నా అదను దొరికితే సరిచేసేద్దాం అన్నాడు. ఆయనకు గూడా నిద్ర పట్టేది కాదు. అదను రాలేదు."

సురేంద్ర లేచాడు. ప్యాంటుకు వేలు తుడుచుకున్నాడు. వరండా గోడకున్న రాతిపలక వైపు ఒకసారి చూశాడు.

"ఇప్పుడొచ్చింది గదా," అన్నాడు. "సోమవారం జేసీబీ వస్తాది. హాలు మీదికి కాదు, దీని మీదికి. మా నాయన పేరున్న పలక నేనే ఊడదీస్తాను. కొత్తది గట్టిగా కట్టినాక పెడతారో పెట్టరో ఊరి ఇష్టం."

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు మొదలయ్యాయి. సురేంద్ర చప్పట్లు వద్దన్నట్టు చెయ్యి ఊపి పోయి కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. తాయమ్మ వెనకనే పోయి తన పైటకొంగు ఇచ్చింది తుడుచుకోమని.

పాత తీర్మానాన్ని చౌడమ్మ అందరి ముందే చించేసింది. కొత్తది అక్కడికక్కడే నిలబడి రాసింది. రాతిహాలు ఉంటుంది. దాని కప్పు ఆదివారమే దించి, చెదలు పట్టిన వాసాలు మార్చి, పెంకులు మళ్లీ పరుస్తారు. స్లాబు బిల్డింగు పోతుంది, దాని జాగాలో కొత్త గదులు లేస్తాయి. ఆ గదుల ప్రతి పిల్లరూ కాంక్రీటు పోసేముందు ఊళ్లో ముగ్గురు చూసి సరే అనాలి. ఈ చివరి షరతు ఉదయలక్ష్మి రాయించింది. ఆ ముగ్గురిలో మొదటి పేరు ఎవరిదని అడిగితే, సురేంద్రే జవాబిచ్చాడు, మునస్వామి మామదని.

తీర్మానం అయింది గానీ కృపారాణికి ఇంకో దిగులు పట్టుకుంది. బిల్డింగు ఇట్లుందని తెలిసిన తర్వాత ఒక్క పిల్లనైనా దాని కింద కూర్చోబెట్టే ధైర్యం తనకు లేదు, ఈ సంగతి విద్యాశాఖ ఆఫీసుకు రాయక తప్పదు. మరి సోమవారం నుంచి నూట నలభై రెండు మంది యాడ కూర్చుంటారు? ఆమె ఆ మాట అనడమే ఆలస్యం, జనం వరండాలు పోటీపడి ఇచ్చారు. మా పంచలో ఆరో తరగతి అంటే, మా కళ్లంలో పందిరి వేసి ఏడో తరగతి అన్నారు. చర్చి తలుపులు తనే తెరిపిస్తానని కృపారాణే చెప్పింది. పదో తరగతి ఎవరికివ్వాలన్న దగ్గర ఇద్దరు ఆడవాళ్లకు చిన్న తగువు కూడా అయింది. ఆమె రాయాల్సింది రాసి, అందరి ముందే ఫోన్లో ఆఫీసుకు పంపించేసింది.

సాయంత్రం చౌడమ్మ ఆవుల పాలు పిండి వచ్చేసరికి మునస్వామి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి తండ్రీకూతుళ్లు ఒక్క మాట మాట్లాడుకోలేదు. చౌడమ్మ పాలబిందె దించి ఆయన పక్కన కూర్చుంది. ఊరి ముందు ఆయన తల వంచి నిలబడినప్పుడు ఆమెకు గర్వమూ కలిగింది, ఒళ్లు మండిపోయే కోపమూ వచ్చింది. రెండింటిలో ఏది ముందు చెప్పాలో తెలియక చిన్నప్పటి సంగతి అడిగింది.

"వానొస్తే బడికి గొడుగు తెచ్చేవాడివి గదా నాయనా. మబ్బు పట్టినా వచ్చేసేవాడివి. పిలకాయలంతా నన్ను ఎగతాళి చేసేవాళ్లు, గొడుగమ్మాయని."

ఆ బిల్డింగు కట్టిన మరుసటేడే నువ్వు తొమ్మిదో తరగతికి దాని కిందికి పోయినావు అన్నాడు మునస్వామి. గొడుగు ఆమె కోసమే. వచ్చేది మాత్రం పిల్లర్లు చూసేదానికి. గట్టిగా వాన పడిందంటే, ఏరు పొంగుతాది, పిలకాయల్ని ముందే పంపించేయండని అయ్యవార్ల వెంట పడి బడి వదిలించేవాడు. ఆఖరి పిల్ల గేటు దాటేదాకా వరండాలో నిలబడేవాడు. ఆ ఏరు ఎన్నడూ పొంగింది లేదు. అయ్యవార్లు ఆయన్ని పిరికిమేస్త్రీ అనేవాళ్లు. చౌడమ్మ చదువు అయిపోయినాక కూడా వానాకాలంలో పోయి నిలబడేవాడు. మునిలత చేరినాక మళ్లీ గొడుగు పట్టుకున్నాడు.

చౌడమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన్ని క్షమించానని చెప్పలేదు. అది అంత తొందరగా వచ్చే మాట కాదు, ఆయన అడగనూ లేదు. ఇరవై నాలుగేళ్లు చెప్పకుండా ఉండటం తప్పేనని నిదానంగా ఆయన ముఖం చూస్తూనే చెప్పింది. అవునన్నాడు. తర్వాత లోపలికి పోయి వేడి సంగటి ముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తిని పడుకో నాయనా. పొద్దున్నే పెంకులు దించాల. నువ్వు లేకుంటే ఎవరికీ చేతకాదు."

ఆదివారం పొద్దున ఆరు గంటలకే బడి ఆవరణ తిరనాళ్లలా ఉంది. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే జెస్సీ, తనతో పాటు ఈ బళ్లో చదువుకున్న పదమూడు మందిని వెంటేసుకుని దిగింది. అందులో సగం మందికి నిచ్చెన ఎక్కడం రాదు, అందరికీ ఫోటోలు తీయడం వచ్చు. చెంగయ్య అనే వడ్రంగి, తన ఇంటి ద్వారబంధాల కోసం కోయించి రెండేళ్లుగా ఆరబెట్టుకున్న టేకు దుంగలను ట్రాక్టరులో వేసుకొచ్చి దించాడు. భార్య ఏమంటుందని అడిగితే, ఆమే ఎక్కించిందని చెప్పాడు.

మునస్వామి పంచె ఎగ్గట్టి అందరికంటే ముందు కప్పెక్కాడు. నడికొప్పు మీది వెన్నుపెంకు తీసి కిందికి అందించాడు. అక్కడి నుంచి బోరింగు దాకా జనం వరసగా నిలబడ్డారు. పెంకు చేతి నుంచి చేతికి పోతోంది. బోరింగు దగ్గర ఆడవాళ్లు టెంకాయపీచుతో నాచు రుద్ది కడుగుతున్నారు. కడిగినవి పిలకాయల దగ్గరికి వస్తున్నాయి. పెంకు మంచిదో కాదో తెలుసుకునే విద్య మునస్వామి వాళ్లకు పొద్దున్నే నేర్పాడు. వేలి ముడితో కొట్టాలి. గంటలా మోగితే మంచిది, దబ్బుమంటే పక్కన పెట్టాలి. ఇక చూడండి. అరవై మంది పిలకాయలు అరవై పెంకులు కొడుతుంటే బడంతా గణగణమని ఒకటే మోత. రైలు పోతుంటే గార్డు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి చూశాడు. పిలకాయలు పెంకులెత్తి ఆయనకు చూపించారు.

తొమ్మిదిన్నరకు చర్చి వదిలింది. కృపారాణి ముందు నడుస్తుంటే నలభై మంది తెల్లబట్టల్లోనే తిన్నగా బడికి వచ్చారు. బట్టలు పాడవుతాయని ఎవరో అంటే, ఉతుక్కుంటాంలే అని వరసలో దూరారు. తాయమ్మ ఆరుబయట రాళ్ల పొయ్యి పెట్టి పెద్ద గుండిగలో పులిహోర కలిపింది. ఈరోజు పొగ ఎటుపోయినా నాకు లెక్కలేదంది. సురేంద్ర చొక్కా విప్పి, చెదలు తిన్న వాసాలను భుజం మీద మోసి కుప్ప వేస్తున్నాడు. పైనుంచి మునస్వామి, మెల్లగా అబ్బా, మేకులుండాయి అని చెప్తూనే ఉన్నాడు. సరే మామా అంటూనే ఉన్నాడు సురేంద్ర. నిన్నటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

పదకొండున్నరకు ఆఖరి పెంకు దిగింది. హాల్లోకి ఎండ నిలువుగా పడింది. యాభై ఏళ్ల తర్వాత ఆ నేల ఆకాశాన్ని చూస్తోందని ఉదయలక్ష్మి అంది. పిలకాయలు లోపలికి పరుగెత్తి ఎండలో గుండ్రంగా తిరిగారు. ఇంజనీరమ్మ గోడల తలమీద నడిచి చూసి, ఒక్క రాయి కూడా కదల్లేదని కిందికి కేకేసి చెప్పింది. చౌడమ్మ తల ఎత్తి చూసింది. తండ్రి గోడ మీద కూర్చుని, శాంతయ్య మేస్త్రీ కాలం నాటి సున్నాన్ని అరచేత్తో తడుముతున్నాడు. ఆయన నవ్వుతున్నాడు. అంత తేలిగ్గా ఆయన నవ్వడం తను చూసి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

పన్నెండు కొట్టేసరికి గేటు ముందు తెల్ల జీపు ఆగింది.

జీపులోంచి దిగిన ఆఫీసరు యాభై దాటిన మనిషి, సన్నగా, కళ్లజోడుతో ఉన్నాడు. ఆదివారం కావడంతో బంట్రోతు కూడా లేడు, తనే బండి నడుపుకుంటూ వచ్చినట్టున్నాడు. గేటు దగ్గరే నిలబడి చూశాడు. ఒక పక్క రెండో పిల్లరు పగిలిన బిల్డింగు. ఇంకో పక్క కప్పు లేని హాలు. నడుమ కడిగి పేర్చిన పెంకులు, చెదలు పట్టిన కట్టెలు, రెండు వందల మంది జనం. పెంకుల మోత ఆగిపోయింది.

ఈ కప్పు దించమని ఎవరు చెప్పారని ఆయన అడిగాడు.

చౌడమ్మ చేతులకున్న సున్నం పైటకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. "ఊరు చెప్పింది సార్. నేను చైర్మన్‌ని. తీర్మానముండాది, చూపిస్తాను."

ఆయన తీర్మానం అడగలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి ఆమెకిచ్చాడు. హెడ్మిస్ట్రెస్ నిన్న పంపిన రిపోర్టుకు జవాబని, చదివి అందరికీ చెప్పమని అన్నాడు. చౌడమ్మ గట్టిగా చదివింది. మొదటి వాక్యం దగ్గర గొంతు బాగానే ఉంది. రెండో వాక్యానికి తగ్గిపోయింది. వరండాల్లో, పందిళ్లలో తరగతులు నడపడానికి ఒప్పుకోరు. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు బడి ఆవరణలోనే, గట్టి కప్పు కింద, పిల్లలందరూ కూర్చుని ఉండాలి. లేకపోతే ఆ రోజు నుంచే నూట నలభై రెండు మంది పేర్లూ కట్టకు అవతల ఉండే వేరే ఊరి బడికి మారిపోతాయి. నేరేడుమిట్ట హైస్కూలు మూతపడుతుంది.

ఆ ఆవరణలో నూట నలభై రెండు మంది పట్టే చోటు ఆ హాలొక్కటే, దాని కప్పు అరగంట ముందు తమ చేతులతోనే నేల మీదికి దించారు. మునిలత వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. కృపారాణి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది కాబోలు. నేను రాసి పంపకుండా ఉండాల్సిందని ఆమె మెల్లగా అంటే, నిజం రాసినందుకు ఎవరూ ఏమీ అనరు మేడమ్ అని చౌడమ్మ ఆమె భుజం పట్టుకుంది.

పైనుంచి మునస్వామి గొంతు వినిపించింది.

"అమ్మే, తొమ్మిదంటే పొద్దున తొమ్మిదే గదా? సార్నడుగు."

చౌడమ్మ ఆఫీసరును చూసింది. ఆయన అవునన్నాడు. ఇరవై ఒక్క గంటలు. కొత్త వాసాలు కోయాలి, ఎక్కించాలి, వాటి మీద పెంకులు నిలిచే బద్దెలు కొట్టాలి, రెండు వేల ఆరువందల పెంకులు పరవాలి. ఊళ్లో కప్పు నేసే విద్య తెలిసిన మనిషి ఒక్కడే, వయసు అరవై ఎనిమిది.

"చెంగయ్యా, రంపం పట్టు," అన్నాడు మునస్వామి. "సురేంద్రా, మొదటి వాసం పైకియ్యి."

సురేంద్ర అప్పటికే వాసం భుజానికెత్తుకున్నాడు. చెంగయ్య రంపం దుంగ మీద పడింది. వరస మళ్లీ కట్టారు, ఈసారి బోరింగు దగ్గర మొదలై హాలు దాకా. చౌడమ్మ కాగితం మడిచి రొండిలో దోపుకుని నిచ్చెన అడుగున రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

ఆఫీసరు జీపు ఎక్కలేదు. ఎవరినీ ఏమీ అడక్కుండా, బయట పెట్టిన సామాన్లలోంచి తనే ఒక కుర్చీ తెచ్చుకుని, హాలుకు ఎదురుగా నడి ఎండలో వేసుకుని కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.